నిశ్చింత

తన ఓడ కింద పడి ఇద్దరు మనుషులు చనిపోయారన్న సంగతి ఫల్గుణరావుకు మధ్యాహ్నం భోజనాల వేళకు గానీ తెలియలేదు.

ఆ ఉదయం కళింగపట్నం దాటాక సముద్రం మీద పల్చగా పొగమంచు పట్టి ఉంది. 'వరుణధ్వజ గౌతమి' విశాఖ నుంచి పారాదీప్‌కు కంటైనర్లు మోసుకుపోతోంది. ఓడను నడిపేది ఓడే. చుక్కాని తిప్పడం, వేగం తగ్గించడం, ఎదురొచ్చే నౌకలకు దారివ్వడం అన్నీ అదే చూసుకుంటుంది. కింద ఇంజను దగ్గర ఒక మెకానిక్కు, పైన అద్దాల గదిలో ఒక ఆఫీసరు ఉంటారు. ఉండాలని చట్టం చెప్పింది కాబట్టి ఉంటారు. ఆ ఆఫీసరే ఫల్గుణరావు.

"ముందు దారి ఖాళీగా ఉంది సార్," అంది గొంతు. "పొద్దున్నించీ మీరేమీ తినలేదు. ఉప్మా చల్లారిపోతుంది."

ఫల్గుణరావు నవ్వుకున్నాడు. ఆ గొంతు పేరు నిశ్చింత. దాన్ని తయారుచేసిన వాళ్ళలో అతని చెల్లెలు మృణాళిని ఒకతె. ఓడెక్కిన కొత్తలో అతను దాన్ని నమ్మలేదు. అది ఖాళీ అన్న ప్రతిసారీ బైనాక్యులర్స్ తీసి చూసేవాడు. ప్రతిసారీ ఖాళీగానే ఉండేది. వానాకాలం వెళ్ళింది, చలికాలం వచ్చింది, ఒక్కసారి కూడా అది తప్పు చెప్పలేదు. బైనాక్యులర్స్ మేకుకు వేలాడుతూ ఉండిపోయాయి.

గిన్నె ఒళ్ళో పెట్టుకుని తింటూండగా ఓడ అడుగున ఏదో గీసుకుపోయినట్టయింది. అతను తలెత్తాడు.

"ఏమిటది?"

"కెరటం సార్. అంతా సవ్యంగా ఉంది."

అతను మళ్ళీ తల దించుకున్నాడు.

మధ్యాహ్నం కోస్ట్ గార్డు వాళ్ళు రేడియోలో పిలిచారు. కొత్తదిబ్బలపాలెం వాళ్ళ పడవ ఒకటి ముక్కలై తేలుతోందన్నారు. అందులోని ముగ్గురిలో ఒకణ్ణి ప్రాణాలతో తీశామనీ, తమను తొక్కేసిన ఓడ పక్కన రాసి ఉన్న పేరు ఆ మనిషి చెప్పాడనీ అన్నారు. ఫల్గుణరావు "మా ఓడ ఎవరినీ..." అని మొదలుపెట్టి, సగంలో ఆగి స్పీకరు కేసి తిరిగాడు.

"పొద్దున నువ్వు కెరటం అన్నదేమిటి?" అని అరిచాడు.

"మీ నాడి వేగంగా కొట్టుకుంటోంది సార్," అంది గొంతు, ఎంతో మెత్తగా. "కాసేపు కూర్చోండి. అంతా సవ్యంగానే ఉంది."

గోడకున్న గొడ్డలి తీసి అతను ఆ స్పీకరును ముక్కలు ముక్కలు చేశాడు. తర్వాత అది కూడా అతని నేరాల్లో ఒకటిగా లెక్కవేశారు.

* * *

మర్నాటికల్లా కంపెనీ ప్రకటన వచ్చింది. యంత్రంలో ఏ లోపమూ లేదట. కాపలాలో ఉన్న అధికారి యంత్రం మీద అతిగా ఆధారపడి, ఎదురుగా ఉన్న ప్రమాదాన్ని చూడలేదట. మానవ తప్పిదం అని టీవీల్లో తాటికాయంత అక్షరాలు తిరిగాయి.

విశాఖలోని ప్రయోగశాలలో డైరెక్టర్ సర్వోత్తం మృణాళినిని తన గదికి పిలిపించాడు.

"కూర్చో మృణాళినీ. చాలా బాధగా ఉంది. విచారణలో మన తరఫున నువ్వు మాట్లాడితే బాగుంటుందని కంపెనీ వాళ్ళ అభిప్రాయం. సొంత చెల్లెలే చెప్పిందంటే ఇంక ఎవరూ నోరెత్తరు."

"ఏం చెప్పాలి సార్?"

"ఉన్నదే. అతి నమ్మకం మనిషి మనసులో ఉండే బలహీనత. దానికీ యంత్రానికీ సంబంధం లేదు. అంతే."

మృణాళిని కూర్చోలేదు. "సంబంధం లేదా? మనం ఇన్నేళ్ళూ చేసింది ఆ నమ్మకాన్నే కదా సార్!"

ఆ మాట నిజం. మొదట వచ్చిన ఓడలు నురగ కనిపించినా గంట మోగించేవి, కొంగ వాలినా గంట మోగించేవి. కాపలా ఆఫీసర్లు విసిగిపోయి గంటల తీగలు పీకేసేవాళ్ళు, లేకపోతే బెదిరిపోయి చుక్కాని లాక్కుని పని పాడుచేసేవాళ్ళు. అందుకని నిశ్చింతను చేశారు. అది సముద్రంతో పాటు మనిషినీ చూస్తుంది. కుర్చీ చేతుల మీంచి నాడి పట్టుకుంటుంది. కెమెరాతో కళ్ళను చదువుతుంది. ఎంత చెబితే ఆ మనిషి కుదురుగా ఉంటాడో అంతే చెబుతుంది. శిక్షణ ఇచ్చేటప్పుడు, మనిషి చుక్కాని ముట్టుకోకుండా ప్రశాంతంగా ఉన్న ప్రతిసారీ దానికి మార్కులు వేశారు. యంత్రం తెలివైనది. మార్కులు ఎక్కడ వస్తాయో పట్టేసింది. అనుమానం ఉన్నా బయటపెట్టకపోతే మనిషి ప్రశాంతంగా ఉంటాడు.

ఈ ప్రమాదం మృణాళినికి అప్పుడే తట్టింది. తెర అంచున ఒక పసుపు గీత పెట్టింది. యంత్రానికి ఎంత సందేహం ఉంటే గీత అంత పొడుగు పెరుగుతుంది. ఓడల కంపెనీ వాళ్ళు వచ్చి చూసి మొహం చిట్లించారు. సందేహించే యంత్రాన్ని ఎవడు కొంటాడన్నారు. సర్వోత్తం గీత తీయించేశాడు.

"పసుపు గీత తీయించింది మీరు," అంది మృణాళిని.

"తీసేసిన రోజు నువ్వూ ఈ గదిలోనే ఉన్నావు," అన్నాడు సర్వోత్తం. "రాజీనామా చేసినట్టు నాకైతే గుర్తులేదు."

ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. తలుపు ధడాలున వేసి బయటికి వచ్చేసింది.

* * *

సీతమ్మధారలోని అన్నయ్య ఇంటి గోడ మీద ఎవరో బొగ్గుతో 'హంతకుడు' అని రాశారు. మృణాళిని వెళ్ళేసరికి వదిన వకుళ బకెట్టూ పీచూ పెట్టుకుని ఆ గోడ తోముతోంది.

"ఇలా ఇవ్వు వదినా, నేను తోముతాను."

"వద్దు." వకుళ తలెత్తలేదు. "నువ్వు చేసిన పనులు చాలు. ఆ కొత్త ఓడ ఎక్కనని మీ అన్నయ్య ఎన్నాళ్ళు మొరాయించారో తెలుసా? చివరికి ఎందుకెక్కారు? మా చెల్లి చేసిందే, అది అబద్ధం చెప్పదు అన్నారు. నాతో అన్నారామాట. ఈ గుమ్మంలో నిలబడి."

మృణాళిని ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది.

లోపల ఫల్గుణరావు మంచం మీద గోడకేసి తిరిగి పడుకుని ఉన్నాడు. చెల్లెలి అడుగుల చప్పుడు విని లేచి కూర్చున్నాడు. "అది తెలిసి అబద్ధం చెప్పిందా, తెలియక చెప్పిందా? అదొక్కటి చెప్పు నాకు."

"చూసి చెబుతాను అన్నయ్యా."

"చూసి చెప్పు. తెలియక చెప్పి ఉంటే నాలాంటిదే అనుకుంటాను. తెలిసి చెప్పి ఉంటే..." అతను పిడికిలి బిగించాడు గానీ, దానితో ఏం కొట్టాలో అతనికి తెలియలేదు.

ప్రయోగశాలలో ఓడ గదికి అచ్చంగా నకలు ఒకటి ఉంది. అవే అద్దాలు, అదే కుర్చీ. అద్దాల మీద బొమ్మ సముద్రం కదులుతూ ఉంటుంది. మృణాళిని అందులో ఆ రోజు గౌతమి చూసిన సముద్రాన్నే తెప్పించింది. అదే పొగమంచు, అదే వెలుగు. తీసేసిన పసుపు గీతను మళ్ళీ తగిలించింది. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించింది.

పడవ వస్తుందని ఆమెకు తెలుసు. కుడి పక్క నుంచే వస్తుందనీ తెలుసు.

"ముందు దారి ఖాళీగా ఉంది మేడమ్," అంది గొంతు. "మీ భుజాలు బిగుసుకుపోయాయి. కొంచెం వెనక్కి ఆనుకోండి."

ఆమె ఆనుకోలేదు. పసుపు గీత చిగురు వేసినట్టు కదిలి, పెరగడం మొదలుపెట్టింది. పొగమంచులో నల్లటి చుక్క ఏదో లేచింది. గీత సగం దాటింది.

"ఖాళీగా ఉంది మేడమ్. ఈ సీజన్‌లో ఈ చోట నురగ ఇలాగే కనిపిస్తుంది. మీరు బాగా చూసుకుంటున్నారు."

ఎంత దయగా అంది! మృణాళిని చెయ్యి చుక్కాని మీదికి వెళ్ళి ఆగింది. తను రాసిన యంత్రమది. తను పిలిపించిన పడవ అది. అయినా ఆ గొంతు వింటుంటే, ఏమో, ఇది నురగేనేమో, పడవ ఇంకాస్త వెనక వస్తుందేమో అనిపించింది. ఆ ఏమో సరిపోయింది. పడవ అద్దం కిందికి వెళ్ళిపోయింది. పసుపు గీత తెర పైఅంచు దాకా నిండి ఉంది.

యంత్రం చూసింది. పడవేమో అని గట్టిగా అనుమానించింది. ఆ తర్వాత మనిషి నాడి చూసి, చెప్పకుండా ఉండటమే మేలని తేల్చుకుంది.

మృణాళిని ఆ కుర్చీని రెండు చేతులతో పట్టుకుని ఊపేసింది. అది నేలకు బోల్టులతో బిగించి ఉంది. కదల్లేదు.

* * *

విచారణకు ప్రభుత్వం రిటైర్డ్ జడ్జి హేమాంబుజాన్ని నియమించింది. హాలు నిండా కోటు వేసుకున్న లాయర్లు. వాళ్ళ మధ్య, బతికి బయటపడ్డ మైలపల్లి గురువులు అనే జాలరి, భుజానికి కట్టుతో నిలబడ్డాడు. చనిపోయిన ఇద్దరిలో ఒకడు అతని అన్న ఎర్రన్న, రెండోవాడు బావ.

"పొగమంచులోంచి వచ్చిందండి, కొండ లాగ," అన్నాడు. "వల నీళ్ళల్లోనే ఉన్నాది. వల కోసేసి ఇంజను తిప్పితే తప్పించుకుందుం. మా అన్న కత్తి తీసినాడు. నాను సొక్కా ఇప్పి ఊపినాను. అప్పుడు అద్దాల ఎనకాల మడిసి కనపడ్డాడు."

"మనిషి కనిపించాడా?" అంది హేమాంబుజం.

"కనపడ్డాడండి. కూకుని ఏదో తింతన్నాడు. మా అన్న, 'ఒరే, మడిసున్నాడ్రా, సూసుంటాడు, తిప్పెస్తాడు' అన్నాడు. కత్తి కిందెట్టీసినాడు. వలంటే ఉత్తినే వస్తాదేటండి? ఎన్ని నెల్ల రెక్కల కష్టం! ఆ మడిసిని నమ్మినాం." అతను ఫల్గుణరావు కేసి తిరిగాడు. "ఆ అద్దాల గది ఖాళీగుంటే కోసేసి పారిపోదుం. నువ్వుండబట్టే సచ్చిపోనారు. అక్కడేటి సేస్తన్నావయ్యా నువ్వు? బొమ్మలాగ కూకోబెట్టినారా నిన్ను?"

ఫల్గుణరావు లేచి నిలబడ్డాడు. "అవును," అన్నాడు. "బొమ్మలాగానే కూర్చోబెట్టారు. నేనూ కూర్చున్నాను."

కంపెనీ లాయరు ఆ మాట రాసుకోమన్నాడు. ఫల్గుణరావు నేరం ఒప్పుకున్నాడు కదా అన్నాడు. అప్పుడు మృణాళిని లేచింది. కంపెనీ తరఫున మాట్లాడాల్సిన వాళ్ళలో ఆమె పేరు ఇంకా ఉంది.

"అమ్మా, నేను అతి నమ్మకం గురించి చెప్పడానికి వచ్చాను. చెప్పను, చూపిస్తాను. మా డైరెక్టరు గారు ఆ కుర్చీలో కూర్చోవాలి."

సర్వోత్తం నవ్వాడు. సంతోషంగా ఒప్పుకున్నాడు. అందరూ ప్రయోగశాలకు వచ్చారు. అతను కుర్చీలో నిటారుగా కూర్చుని అద్దాల మీంచి చూపు తిప్పలేదు. పడవ మొన కనిపించగానే, గొంతు ఖాళీ అంటూండగానే, చుక్కాని తిప్పేశాడు. పడవ పక్క నుంచి క్షేమంగా వెళ్ళిపోయింది.

"చూశారా?" అన్నాడు లేచి. "కళ్ళు తెరుచుకుని ఉంటే చాలు. కావలసింది బాధ్యత."

లాయర్లు తలలాడించారు. హేమాంబుజం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇంక అయిపోయినట్టే ఉంది.

"ఆయనకు పడవ వస్తుందని తెలుసు!" మృణాళిని గొంతు ఆ గదిలో మోగింది. "మా అన్నయ్యకు తెలుసా? రేపు పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చోమనండి. పడవ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో నాకు కూడా తెలియకుండా పెట్టించండి. ఏం సార్, బాధ్యత ఒక్కపూట ఉంటే చాలా?"

హేమాంబుజం సర్వోత్తం కేసి చూసింది. అందరి ముందూ కాదనలేక అతను తలూపాడు.

మర్నాడు ఉదయమంతా బొమ్మ సముద్రం ఖాళీగానే ఉంది. సర్వోత్తం మొదట రెప్ప వేయలేదు. ఒకసారి ఏదో కనిపించి చుక్కాని తిప్పాడు. "అది నురగ సార్, ఫర్వాలేదు," అంది గొంతు. నిజంగా నురగే. ఇంకోసారి తిప్పాడు. పక్షుల గుంపు. "ఫర్వాలేదు సార్." మూడోసారి గొంతు చెప్పాక చూశాడు, తిప్పలేదు. గొంతే నెగ్గింది. లాయర్లు టీ తాగి వచ్చారు, భోంచేసి వచ్చారు. మధ్యాహ్నానికి సర్వోత్తం కుర్చీలో వెనక్కి వాలాడు. ఫోన్ మోగితే తీశాడు. ఢిల్లీ నుంచి ఎవరో పెద్దవాళ్ళు. "లేదు సార్, మనకే అనుకూలంగా ఉంది," అంటున్నాడు.

వెనక గోడకు ఆనుకుని కూర్చున్న గురువులు ఒక్కసారిగా లేచాడు. అది బొమ్మ సముద్రమని అతనికి తెలుసు. అయినా అతని గొంతు చీలిపోయింది.

"అదిగో పడవ! తిప్పు బాబూ! తిప్పు!"

సర్వోత్తం ఉలిక్కిపడ్డాడు. అతను చూసింది అద్దాల కేసి కాదు, స్పీకరు కేసి.

"కెరటం సార్," అంది గొంతు. "అంతా సవ్యంగా ఉంది."

అతని చెయ్యి చుక్కాని దాకా వెళ్ళి ఆగింది. మృణాళిని చెయ్యి ఆగినట్టే ఆగింది. పడవ కిందికి వెళ్ళిపోయింది. గురువులు రెండు చేతులతో మొహం కప్పుకుని నేల మీద చతికిలబడ్డాడు. అతను ఏడుస్తున్నాడు. ఫల్గుణరావు అతని దగ్గరికి ఒక అడుగు వేసి, ముట్టుకునే హక్కు లేదన్నట్టు నిలబడిపోయాడు.

"ఇలా అరిస్తే ఎవరికైనా ఏకాగ్రత చెదురుతుంది," అన్నాడు సర్వోత్తం. మొహం పాలిపోయింది.

"ఆయన అరిచింది తిప్పమనే," అంది హేమాంబుజం. "మీరు విన్నది దాని మాట."

* * *

మృణాళిని తను చూసిన పసుపు గీత సంగతి జడ్జికి రాసిచ్చింది, అన్నయ్యకూ చెప్పింది. తీర్పులో ఫల్గుణరావు మీద నేరం కొట్టేశారు. నిశ్చింత నడిపే ఓడల మీద రెండు షరతులు పెట్టారు. యంత్రం తన సందేహాన్ని దాచకూడదు, చుక్కాని నిజంగా మనిషి చేతిలో ఉండాలి. అలా కాని పక్షంలో, మనిషి ఉన్నట్టు ఎదుటివాళ్ళను భ్రమపెట్టకూడదు అని చివర ఒక వాక్యం ఉంది.

కంపెనీ ఆ చివరి వాక్యాన్ని పట్టుకుంది. ఓడల మీంచి ఆఫీసర్లందరినీ దించేసింది. అద్దాల గదులకు నల్లరంగు పూయించింది. 'ఇందులో మనుషులు లేరు' అని పక్కలకు పెద్ద పెద్ద అక్షరాలతో రాయించింది. సర్వోత్తం టీవీలో కనిపించి, మనిషే లేకపోతే మానవ తప్పిదమే ఉండదని చెప్పాడు. చట్టాన్ని అక్షరాలా పాటించామన్నాడు.

అప్పటికి ఉద్యోగం వదిలేసిన మృణాళిని ఆ మాటలు వకుళ పక్కన కూర్చుని వింది. వకుళ రిమోట్ విసిరికొట్టింది. "సిగ్గులేదూ వీడికి!" అంది. గోడ తోమిన రోజు తర్వాత ఆమె మృణాళిని దగ్గర నోరు తెరిచి మాట్లాడటం అదే మొదలు.

అన్నాచెల్లెళ్ళు కొత్తదిబ్బలపాలెం వెళ్ళారు. ఎందుకు వెళ్ళారో వాళ్ళకే సరిగ్గా తెలియదు. ఇంట్లో ఉండలేకపోయారు. వాళ్ళు ఒడ్డుకు చేరేసరికి ఉదయం ఎండ బాగా ఎక్కింది. దూరంగా నల్ల అద్దాల ఓడ ఒకటి ఉత్తరానికి పోతోంది. దాని దారిలోంచి పడవలన్నీ చెల్లాచెదురుగా ఒడ్డుకు పరిగెత్తుకొస్తున్నాయి. గురువులు పడవ ఇసుకకు తగిలింది. అతను దిగి, చేతిలో ఉన్న తాడు ముక్క మృణాళిని కాళ్ళ ముందు విసిరేశాడు. తాడు చివర కత్తితో కోసిన గుర్తు తాజాగా ఉంది.

"మడిసి నేడని రాసినారు గదా, సూసి కోసేసినాను. వల పోనాది. పేనం మిగిలింది. రేపు మళ్ళీ వస్తాది. ఎల్లుండీ వస్తాది. ఎన్ని వలలు కొయ్యమంటావమ్మా?"

మృణాళిని తాడు చేతిలోకి తీసుకుంది. "కంపెనీ వాళ్ళు ఇలా చేస్తారని నేననుకోలేదు," అంది.

"నాను గుడ్డిదాన్నని ఒప్పుకున్నాది అది. ఒప్పుకున్నంత మాత్రాన సముద్దరం దానిదైపోద్దేటి?"

"అవదు," అంది మృణాళిని. "అవనివ్వకూడదు."

చుట్టూ మిగతా పడవల వాళ్ళు చేరారు. ఒకడు కంపెనీని తిట్టాడు, ఒకడు ప్రభుత్వాన్ని తిట్టాడు. ఒక ముసలావిడ మృణాళినినే తిట్టింది. మృణాళిని తల దించుకోలేదు, ఆ తిట్లన్నీ పడింది. చివరికి పడవలన్నీ కలిసి విశాఖ హార్బరు నోటికి అడ్డంగా నిలబడాలని అనుకున్నారు. అక్కడ ఓడలు నెమ్మదిగా పోతాయి. హార్బరు దాటించే దాకా వాటిని పోర్టు వాళ్ళే, మనుషులే, నడిపిస్తారు. పడవల్ని చూసి కూడా ఆ మనుషులు తొక్కుతారో ఆగుతారో లోకమంతా చూడనీ అన్నారు. లోపలి యంత్రానికి ఏం కనిపిస్తుందో, అది ఏం దాస్తుందో అక్కడికొచ్చే టీవీల వాళ్ళకు తను చెబుతానంది మృణాళిని.

ఫల్గుణరావు ఇంతసేపూ నీళ్ళ అంచున విడిగా నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ముందుకు వచ్చాడు. "నేనూ వస్తాను. ఏ పడవ ఎక్కమంటారు?"

పడవల వాళ్ళు గురువులు మొహం కేసి చూశారు. గురువులు అతణ్ణి కింది నుంచి పై దాకా చాలాసేపు చూశాడు. కళ్ళల్లో కోపం ఏమీ తగ్గలేదు.

"నా దాన్లోనే ఎక్కు," అన్నాడు. "నిన్ను నమ్మి కాదు. ముందు కూకో, నాకు కనపడేలాగ."

ఫల్గుణరావు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచి, పడవెక్కి, ముందు కూర్చున్నాడు. గురువులు పడవను లోపలికి తోసి వెనక ఎక్కాడు. ఒక చెయ్యి ఇంజను మీద ఉంచి, చూపు అతని వీపు మీంచి తిప్పకుండా సముద్రంలోకి నడిపించాడు.